క్యాంపు నుంచి క్యాంపుకి మోసిన వరల్డ్‌స్పేస్ రేడియో

హంద్రీ-నీవా కాలువ సర్వే పనుల్లో కర్నూలు, అనంతపురం జిల్లాలు తిరిగే రోజుల్లో, బట్టల తర్వాత నేను బ్యాగులో సర్దుకునేది ఉపగ్రహం నుంచి నేరుగా పాటలు అందుకునే వరల్డ్‌స్పేస్ రేడియో సెట్టే. మా క్యాంపులు పడే చోట ఎఫ్ఎం గరగరలాడేది. ఫోన్లో పాటలు వినేంత నెట్ అప్పటికి రాలేదు. అలాంటి చోట తంబుర శ్రుతి కూడా తేటగా వినిపించే రేడియో ఉండడం నాకు చాలా పెద్ద విషయం.

దీనికి పాటలు పంపేది ఆసియాస్టార్ ఉపగ్రహం. 2000 మార్చిలో ప్రయోగించారు. భూమధ్యరేఖ మీద, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండేది. అందుకని మన వైపు నుంచి యాంటెన్నాని తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్యకి తిప్పి, సగం ఆకాశం కన్నా కాస్త పైకి చూసేలా పెట్టాల్సి వచ్చేది. నా సెట్టుకి డిష్ లేదు, చిన్న పలక లాంటి యాంటెన్నా, దానికో వైరు. క్యాంపు మారినప్పుడల్లా ముందు తూర్పు కిటికీ ఉన్న గది కోసం వెతికేవాణ్ని. వేపచెట్టు అడ్డమొస్తే సిగ్నల్ గీతలు పడిపోయేవి, గోడ అడ్డమొస్తే పాట ఆగిపోయేది. వానకి మాత్రం ఏమీ అయ్యేది కాదు. డీటీహెచ్ టీవీలో బొమ్మ ఆగిపోయేంత వానలో కూడా ఇది పాడుతూనే ఉండేది. ఇది వాడే ఎల్-బ్యాండ్ తరంగాలు (1467 నుంచి 1492 మెగాహెర్ట్జ్) వాన చినుకులకి పెద్దగా తగ్గవు.

ఇక ఛానళ్లు. తెలుగుకి స్పందన, కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గాంధర్వ్, పాత హిందీ పాటలకి ఫరిష్తా. నేను ఎక్కువగా ఉండిపోయింది శ్రుతిలోనే. ఎండలో పనిచేసి వచ్చి, స్నానం చేసి, మడత మంచం వేసుకుని ఆ ఛానల్ పెడితే మధ్యలో ప్రకటన అంటూ ఉండేది కాదు. ఆలాపన నడుస్తుండగా వార్తల టైమైందని కోసేసేవాళ్లు కాదు. సంగీతాన్ని అలా గౌరవంగా వినిపించడం నాకు ఎంతో నచ్చింది. పుట్టపర్తి నుంచి రేడియో సాయి కూడా 2001 నవంబర్ నుంచి ఇందులో వచ్చేది. నాకు తెలిసిన భక్తులు కొందరు ఈ సెట్టు కొన్నదే దాని కోసం.

నడుస్తూ వినాలంటే మాత్రం ఇది పనికొచ్చేది కాదు. ఆ సుఖం అమెరికాలో ఉండేది. డాలస్‌లో ఉండే మా బావగారి దగ్గర 2006లో వచ్చిన పయొనీర్ ఇన్నో చూశాను. ఎక్స్ఎం అనే అమెరికా ఉపగ్రహ రేడియో సర్వీసుకి జేబులో పట్టే సెట్టు అది. నడుస్తుండగా ప్రత్యక్ష ప్రసారం వినొచ్చు, 50 గంటల దాకా రికార్డు చేసుకోవచ్చు. అక్కడ ఉపగ్రహాలతో పాటు నగరాల్లో నేల మీద రిపీటర్లు (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే టవర్లు) పెట్టారు కాబట్టి మేడల మధ్య కూడా పాట వినిపించేది. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఉండేది కాదు. అప్పట్లో నెలకి 12.95 డాలర్ల చందా కట్టినా అందులో తెలుగు ఛానల్ ఉండేది కాదు కాబట్టి, నన్ను ఎంచుకోమంటే నా పలక యాంటెన్నానే ఎంచుకుంటాను.

వరల్డ్‌స్పేస్ 2008 అక్టోబర్‌లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబర్ 31తో మన దేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. శ్రుతి లాంటి ఛానల్ అలా పోవడం నాకు ఇప్పటికీ బాధే.

పాత సెట్లు ఇంకా అక్కడక్కడా అమ్మకానికి కనిపిస్తున్నాయి. శాటిలైట్ కోసమైతే కొనకండి. తొలి రోజుల సెట్లలో ఎఫ్ఎం, మీడియం వేవ్, షార్ట్ వేవ్ కూడా ఉండేవి. స్పీకర్ బాగుండి, ధర తక్కువైతే వాటి కోసం తీసుకోవచ్చు. శాస్త్రీయ సంగీతం కావాలనుకునేవాళ్లు ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసుకుని, ఆకాశవాణి 2016లో మొదలుపెట్టిన రాగం ఛానల్ వినండి. డేటా సిగ్నల్ ఉన్న ఊళ్లో నేనిప్పుడు వింటున్నది అదే.