నాసిక్‌లో రెడ్ వైన్, పక్కన ఏం తినాలి?

షిర్డీ, త్రయంబకేశ్వరం వెళ్లే మనవాళ్లలో చాలామందికి నాసిక్ అంటే బస్సు మారే ఊరు. దర్శనాలు అయ్యాక గంగాపూర్ డ్యామ్ వైపు ఒక రాత్రి ఉండి చూడండి. ఆ డ్యామ్‌లో నిలిచినవి మన గోదారి నీళ్లే. త్రయంబకంలో పుట్టి ఎంతో దూరం రాకముందే కట్ట పడింది. ఆ నీళ్ల చుట్టూ ద్రాక్ష తోటలు.

మేం ఫిబ్రవరిలో వెళ్లాం. కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి కాబట్టి గుత్తులు చూడాలంటే అవే నెలలు. వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి గానీ తీగల మీద పండు ఉండదు.

ముందు సూలాకి వెళ్లాం. 1999లో రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన తోట ఇది. స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు చూపించి, తర్వాత రకానికి కాస్త చొప్పున గ్లాసులో పోస్తారు. శని, ఆదివారాల్లో ముంబై జనం దిగిపోతారు, మామూలు రోజుల్లో వెళ్తే తీరిగ్గా ప్రశ్నలు అడగొచ్చు. నాకు నచ్చింది ఖరీదైన సీసా కాదు, షిరాజ్, కాబెర్నే అనే రెండు ద్రాక్ష రకాలు కలిపిన మామూలు రెడ్. గ్లాసు వంచి తెల్ల కాగితం మీద పట్టి చూస్తే అంచున ఊదా రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నేరేడు పండు, ఆ వెనకే మిరియాలు. ఇది మన ఊహ కాదు, మిరియాలకి ఆ ఘాటిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ పండు తొక్కలోనూ ఉంటుంది. కాబెర్నే ఒక్కటే తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పిడచగట్టేస్తుంది. షిరాజ్ తోడైతే ఆ వగరు తగ్గి, కొత్తగా రెడ్ పట్టేవాళ్లు కూడా మొహం చిట్లించరు.

దగ్గర్లోనే యార్క్ అనే ఇంకో వైన్ తోట ఉంది. 2021లో దాన్ని సూలానే కొనేసింది. నీళ్లు చూస్తూ కూర్చోవడానికి నా ఓటు దీనికే. అక్కడి ఆరోస్ అనే రెడ్‌లోనూ అవే రెండు ద్రాక్షలు, కాకపోతే ఓక్ పీపాల్లో మగ్గింది. బరువైన వైన్, భోజనం లేకుండా తాగేది కాదు.

ఇక తిండి. మటన్ సీఖ్ కబాబ్ ఒక ముక్క నమిలి గుటక వేస్తే, అంతకుముందు నాలుకని పట్టుకున్న వగరు జారిపోయింది. మాంసంలోని కొవ్వు, ప్రొటీన్ చేసే పని అది. అదే కారంతో అయితే తిరగబడుతుంది. వైన్‌లోని ఆల్కహాల్ మిరప మంటని ఇంకా పెంచుతుంది. అందుకే నాసిక్ మిసళ్ పావ్‌ని (మొలకల కూర, బన్ను), పైన పోసే ఆ ఎర్రటి కారం పులుసు తర్రీతో సహా, పొద్దున్నే తినేయండి, పక్కన మజ్జిగ చాలు. ఇంటికొచ్చాక హైదరాబాద్‌లో అదే రెడ్ కొని రాతి పలక మీద కాల్చే మిరియాల మటన్, పత్తర్ కా గోష్త్‌తో తాగాం. మిరియాలకి మిరియాలు, భలే కుదిరింది. గోంగూర మాంసం ముందు మాత్రం వైన్ చప్పబడిపోయింది, ఆ పులుపుకీ కారానికీ ఏ సీసా నిలుస్తుంది? మన ఎండలకి రెడ్‌ని బయట పెట్టి తాగకూడదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరి.

బస విషయానికొస్తే, తోటల మధ్య ఒక రిసార్టులో దిగాం. తెల్లారి కిటికీ తీస్తే తీగల వరసలు, అది బాగుంది. గది ఇవ్వడానికి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, వేణ్ణీళ్ల కోసం రెండుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది. ఈ మర్యాదకి ఆ ధర ఎక్కువే. ఊళ్లో గంగాపూర్ రోడ్డు హోటళ్లు చవక, కానీ చీకటి పడ్డాక తోటల దగ్గర క్యాబ్ దొరకడం కష్టం. ఊళ్లో దిగేవాళ్లు పొద్దున్నే రానూపోనూ బేరం చేసుకుని, డ్రైవర్‌ని అక్కడే ఉండమనండి. రుచి చూశాక స్టీరింగ్ పట్టే ఆలోచన ఎలాగూ వద్దు. జనవరి 26 డ్రై డే, ఆ సెలవు చూసుకుని బయల్దేరితే తోట చూసి రావడమే, గ్లాసు ఉండదు.