కనుమ గారెల పరీక్షలో రెండు లీటర్ల గ్రైండర్

కనుమ నాడు మినుము తినాలంటారు. ఆ రోజు విజయవాడలో చుట్టాలు దిగిన ఇంట్లో పదిన్నరకల్లా గారెలు, నాటుకోడి కూర, పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ నాలుగు వాయిల ఇడ్లీలు సిద్ధమైతే మధ్యాహ్నం భోజనం ఊసు ఎవరూ ఎత్తరు. పదిహేను మందికి ఈ పూట జరిపించడంలో అన్నిటికన్నా కష్టమైన పని రుబ్బుడే. అందుకే రెండు లీటర్ల టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్‌ని ఏ దోసెల పిండితోనో సరిపెట్టకుండా, దాన్ని అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే గారెల పిండితో పరీక్షించాం.

ముందు ఇడ్లీ. మన ఇడ్లీకి బియ్యం రుబ్బం, రవ్వ కలుపుతాం. కాబట్టి గ్రైండర్‌లో పడేది పప్పు ఒక్కటే. పావుకిలో మినపగుళ్లకు అరకిలో ఇడ్లీరవ్వ కలిపితే 35 నుంచి 40 ఇడ్లీలు వస్తాయి. గారెలు కూడా ఉన్న పూట పదిహేను మందికి అవి చాలు. డ్రమ్ములో ముందు కాసిని నీళ్లు పోసి, స్విచ్ వేసి, రాళ్లు తిరుగుతుండగా పప్పు గుప్పెడు గుప్పెడు వేయాలి. పప్పంతా ఒకేసారి కుమ్మరించి స్విచ్ వేస్తే రాళ్లు బిగుసుకుంటాయి, బెల్టు జారి రబ్బరు వాసన కొడుతుంది. అరగంటలో పిండి వెన్నలా పొంగుతుంది. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. మిక్సీలో బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, ఇంత గాలీ పట్టదు. అదే పప్పుకు పిండి తక్కువ వస్తుంది, ఇడ్లీ గట్టిపడుతుంది. ఈ ఒక్క తేడాకే గ్రైండర్ కొనొచ్చు.

భోగి, సంక్రాంతి చలికి పిండి త్వరగా పులవదు. ముందురోజు సాయంత్రం ఆరుకల్లా రుబ్బి, రవ్వను రెండుసార్లు కడిగి, నీళ్లు పోయేలా చేత్తో గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలిపి, మూతపెట్టి పొయ్యి గట్టు మీద ఉంచితే పొద్దుటికి అందుతుంది. బెజవాడ మే నెలలో ఇదే పిండి ఐదారు గంటలకే గిన్నె దాటి పొర్లుతుంది. అప్పుడు ఇంత ముందుగా రుబ్బొద్దు.

ఇక గారెలు. మనిషికి మూడు చొప్పున లెక్కేస్తే ముప్పావుకిలో పప్పు కావాలి. రెండు లీటర్ల డ్రమ్ము అన్నారు కదా అని మొత్తం ఒకేసారి వేయకండి. నీళ్లు తక్కువగా ఉండే గారెల పిండికి ఈ మోటారు తట్టుకునేది పావుకిలో పప్పే. మూడు విడతలు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. మొత్తం గంట పని, కానీ ఆ గంటలో మనిషి దగ్గరే ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు నలుగుతుంది. తర్వాత పిండి డ్రమ్ము గోడకు అంటుకుని, రాళ్లు ఉత్తినే దొర్లుతుంటాయి. పక్కనున్న ప్లాస్టిక్ పలక కొంత తోస్తుంది గానీ, మిగతాది స్విచ్ ఆపి గరిటెతో లోపలికి తోయాల్సిందే. అప్పుడు చేత్తో చల్లటి నీళ్లు చిలకరించాలి, గ్లాసుతో పోయకూడదు. విసుగొచ్చి పావుగ్లాసు నీళ్లు పోశారంటే పిండి జారుతుంది, గారె నూనె తాగుతుంది. ఆ తర్వాత బియ్యప్పిండి ఎంత కలిపినా పైన గట్టిపడుతుందే తప్ప లోపల మెత్తదనం తిరిగి రాదు.

పప్పు నానడం కూడా చూసుకోవాలి. రాత్రంతా నానబెట్టిన పప్పు నీరు పట్టి పిండిని జారుగా చేస్తుంది. పొద్దున ఐదుకు నానేసి ఎనిమిదికి వడకట్టి రుబ్బితే సరి. ఉప్పు చివర్లో, వేయించే ముందే కలపాలి. ముందే వేస్తే పిండి నీరు వదులుతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి చేత్తో కలిపితేనే పంటికి తగులుతాయి, గ్రైండర్‌లో వేస్తే ఆ రుచి పోతుంది. నూనె మధ్యస్థంగా కాగాక చుక్క పిండి వేస్తే వెంటనే పైకి రావాలి. మంట ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. తడి చేత్తో అరిటాకు మీద తట్టి నడుమ చిల్లు పెట్టడం మరవొద్దు, చిల్లు లేని గారె నడుమ ఉడకదు.

మా మాట: ఇడ్లీకి ఈ గ్రైండర్ భేషైనది, గారెలకు పనికొస్తుంది. పాతిక మంది దాటే ఇంటికి ఇది చాలదు, పెద్ద గ్రైండర్‌లో రుబ్బి ఇచ్చే చోటికి పప్పు పంపడం మేలు. సైజు విషయంలో ఒకటింపావు లీటరు వద్దు, పండగ పూట తేలిపోతుంది.

గవర్నర్‌పేటలోనో వన్‌టౌన్‌లోనో దుకాణానికి వెళితే పెట్టె విప్పించి చూడండి. డ్రమ్ము మధ్యలో గొట్టం ఎంత ఎత్తుందో చూడాలి. పొట్టిదైతే నీళ్లు దాన్ని దాటి మోటారులోకి దిగుతాయి. రాళ్లను చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. బెల్టు విడిగా దొరుకుతుందా అని అడగండి, ముందుగా అరిగేది అదే. కొబ్బరి కోరే సరంజామా ఇస్తే తీసుకోండి, పచ్చడికి మూడు కాయలు కోరడం హాయిగా ఉంటుంది. చపాతీ పిండి కలిపే సరంజామాకి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. ఇంటికి తెచ్చాక మొదట రెండుసార్లు గుప్పెడు పనికిరాని బియ్యం రుబ్బి పారబోయాలి, కొత్త రాతి పొడి అందులో పోతుంది.

కడగడం దీని అసలు బాధ. గారెల పిండి ఆరితే సిమెంటులా పడుతుంది. పిండి తీసిన వెంటనే రెండు గ్లాసుల నీళ్లు పోసి రెండు నిమిషాలు తిప్పండి, ఆ నీళ్లు దోసెల పిండిలో కలపొచ్చు. రాళ్లు బయటికి తీసి, వాటిని పట్టి ఉంచే గూడు రంధ్రంలో బ్రష్ పెట్టి తోమి, పూర్తిగా ఆరాకే లోపల పెట్టాలి. తడి రాళ్లు డ్రమ్ములోనే వదిలేస్తే నాలుగో రోజుకు ముక్కిపోయిన వాసన, అది తర్వాతి ఇడ్లీలోకీ వస్తుంది.

మిగిలిన ఇడ్లీ పిండిలో కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి సాయంత్రం పునుగులు వేసేయండి. అల్లం పచ్చడి పొద్దుటిదే ఉంటుంది.