మామయ్య ఇల్లు ప్రొబేట్ (పోయినవాళ్ల ఆస్తిని కోర్టు ద్వారా వారసులకి అప్పగించడం) చేసిన లాయర్ ఆఫీసు: పనికి ఐదు, ఫీజు చెప్పిన తీరుకి ఒకటి, కలిపి మూడు స్టార్లు

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా, ఆఫీసు పేరు మాత్రం రాయను. మా మేనమామ పోయాక చూస్తే విల్లులో ఎగ్జిక్యూటర్‌గా, అంటే దాన్ని అమలు చేసే మనిషిగా, నా పేరుంది. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఇల్లు నాకు, చెల్లికి, పెద్దమ్మ కొడుక్కి సమానంగా రాశారు. బ్యాంకు ఖాతాల్లో ఎవరికి చెందాలో ముందే పేర్లు పెట్టడంతో అవి కోర్టు దాకా రాలేదు, ఇల్లొక్కటే వెళ్లింది. (ఆ ఇల్లు కూడా బతికుండగానే ట్రస్టులో పెట్టుంటే అదీ కోర్టుకి వెళ్లేది కాదు, నాకీ రివ్యూ రాసే పని ఉండేది కాదు.)

పనికి వంక పెట్టను. పిటిషన్, పేపర్లో ప్రకటన, అప్పులవాళ్లకిచ్చే నాలుగు నెలల గడువు, విలువ కట్టడానికి కోర్టు పెట్టిన రెఫరీ, దేనికీ తేదీ తప్పలేదు.

ఫీజు దగ్గరికొస్తే, మొదటిరోజు "చట్టం ప్రకారమే ఉంటుంది, ఎస్టేట్ నుంచే వస్తుంది" అన్నారు, నేనూ తలూపేశాను. ఆ చట్టం లెక్కేమిటంటే మొదటి లక్ష డాలర్ల మీద 4 శాతం, రెండో లక్ష మీద 3, ఆ తర్వాతి 8 లక్షల మీద 2. ఇంటి విలువ 9 లక్షలు, లోను ఇంకా 4 లక్షలుంది, కాబట్టి మిగిలిన 5 లక్షల మీదే లెక్క, 13 వేలలో అయిపోతుందనుకున్నా. లోను తీసెయ్యరట! మొత్తం 9 లక్షల మీద 21,000 అయింది. అది లాయర్ ఫీజు మాత్రమే, ఎగ్జిక్యూటర్‌కి కూడా చట్టం సరిగ్గా అంతే ఇస్తుంది. ఇది గరిష్ఠ పరిమితే, తక్కువకి మాట్లాడుకోవచ్చని ఆఫీసులో ఒక్కరూ అనలేదు, నాకు తెలిసేసరికి సంతకాలైపోయాయి. రెండు స్టార్లు పోయింది ఇక్కడే.

నా 21,000 తీసుకోవాలా వద్దా అని వారం రోజులు నిద్రపట్టలేదు. ఏడాదిగా ప్లంబర్లతో, కోర్టు కాగితాలతో వేగింది నేనే, తీసుకోవడంలో తప్పేముంది? కానీ వారసత్వంగా వచ్చే డబ్బుకి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఎగ్జిక్యూటర్ ఫీజుకి ఉంది. నా స్లాబులో మూడోవంతు, అంటే 7 వేలు అక్కడే పోతుంది. పైగా ఫీజు పోయేది ఉమ్మడి డబ్బులోంచే కనుక నా వాటాలో ఇంకో 7 వేలు తగ్గుతుంది. చివరికి నాకు అదనంగా మిగిలేది 7 వేలు, దానికోసం చెల్లికి, తమ్ముడికి తలా 7 వేలు తగ్గించాలి. వద్దని రాసిచ్చేశాను. నా జేబులోంచి కట్టిన ఇన్సూరెన్సు, గడ్డి కోయించిన ఖర్చు మాత్రం ఎస్టేట్ నుంచి తీసుకున్నా.

తమ్ముడు ఆ గడ్డి ఖర్చుకీ రసీదు అడిగాడు.