బిటెక్స్ సెట్టులో 16×2 డిస్‌ప్లే: ఆరేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌కు చెందిన అషర్ ఫర్హాన్ రూపొందించిన బిటెక్స్ నమూనా మీద ఇంట్లో కట్టుకున్న హామ్ (అమెచ్యూర్ రేడియో) సెట్టు ఇది. దానికి ఆర్డుయినో నానో (చిన్న కంట్రోలర్ బోర్డు), ఎస్ఐ 5351 చిప్పు ఉన్న డిజిటల్ వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీ మార్చే భాగం) కిట్, బయట కొన్న 16×2 (వరుసకు 16 అక్షరాలు, రెండు వరుసల) ఎల్‌సీడీ తగిలించాను. ఫ్రీక్వెన్సీ ఇప్పటికీ కదలదు. విసిగించేది డిస్‌ప్లే ఒక్కటే, అందులోనూ గాజు పలక తప్పు తక్కువ.

లైటు వెలిగి అక్షరాలు రాకపోతే డిస్‌ప్లే 3వ పిన్నుకీ (కాంట్రాస్టు) గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెట్టండి. అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా ఉండాలి. 5 చూపిస్తే కాంట్రాస్టు సరిచేసే 10కె ప్రీసెట్ (తిప్పే రెసిస్టర్) గ్రౌండ్ కాలు ఊడినట్టే. దాన్ని ఐదారుసార్లు అటూఇటూ తిప్పితే తాత్కాలికంగా బాగైనట్టు కనిపిస్తుంది, నమ్మకండి, మార్చేయండి.

పై వరుస నిండా నల్ల గడులు, కింద ఖాళీ అయితే పవర్ అందింది గానీ నానో మాట అందలేదు. 4, 6, 11 నుంచి 14 దాకా పిన్నుల సోల్డర్ మళ్లీ కరిగించాలి. 5వ పిన్ను గ్రౌండ్‌కి కలిసిందో లేదో చూడాలి.

పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కగానే పిచ్చిరాతలు వస్తే అది ఆర్ఎఫ్ (సెట్టు ప్రసారం చేసే రేడియో తరంగాల) పని. ఇక్కడ ఒక్కో అక్షరం నాలుగేసి బిట్ల చొప్పున రెండు ముక్కలుగా వెళుతుంది. 6వ పిన్ను మీద ఒక్క దొంగ పల్స్ పడితే చాలు, ముక్కలు తారుమారై సెట్టు ఆపి మళ్లీ ఆన్ చేసేదాకా తేరుకోదు. పవర్ వచ్చే 1, 2 పిన్నుల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేసి, వైర్లు పొట్టి చేశాక పోయింది.

అరగంట వాడాక మినుకుమినుకుమంటే 7805ని (5 వోల్టులిచ్చే రెగ్యులేటర్) ముట్టుకుని చూడండి. 13.8 వోల్టుల సప్లై మీద, బ్యాక్‌లైటుతో కలిపి 150 మిల్లీయాంపులు లాగితే దాని మీద 1.3 వాట్ల వేడి. హీట్‌సింక్ లేకపోతే తనంతట తానే ఆగిపోవచ్చు. ఇన్‌పుట్‌లో 33 ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ పెడితే సగానికి పైగా వేడి అటు పోతుంది.

అక్షరాల్లో నిలువు గీతలు మాయమైతేనే గాజు విప్పాలి. వెనక మెలితిప్పిన రేకు చెవుల్ని నోస్ ప్లయర్‌తో సరిచేస్తే లోపల నలుపు చారల రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్నీ, బోర్డు మీద అది ఆనే కాంటాక్టుల్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బిగించండి. వేలు తగిలితే మళ్లీ తుడవాల్సిందే.

కొత్తది వేయాలంటే పాత పిన్నులన్నీ ఒకేసారి పీకొద్దు, రంధ్రాల రాగి ఊడొస్తుంది. హెడర్‌ని (పిన్నుల వరుసని) కట్టర్‌తో తుంచి, పిన్ను వెంట పిన్ను తీయండి. కొన్ని మాడ్యూళ్లలో బ్యాక్‌లైటు పిన్నులు 15, 16 తిరగబడి ఉంటాయి. సోల్డర్ చేసేముందే వెనక ముద్రించిన అక్షరాలు చదవండి.