క్రికెట్టా, వెయిట్‌లిఫ్టింగా: ఏది మన ఆట?

విజయనగరం పేరు క్రికెట్‌లోకి ఎప్పుడో ఎక్కింది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ ఇక్కడి రాజవంశానికి చెందిన ‘విజ్జీ’. అయితే అది కోటలోంచి వచ్చిన ఆట. 1744లో ఇంగ్లండ్‌లో నియమాలు రాసుకున్నారు, తర్వాత దొరలతో పాటు మన దేశంలో దిగింది, వీధిలోకి చివర్లో చేరింది. ఇప్పుడు ఖాళీ జాగా కనిపిస్తే చాలు, పిల్లలు మూడు కర్రలు పాతేస్తారు. ఊరందరినీ కలిపేది అదే, కాదనను.

వెయిట్‌లిఫ్టింగ్ కూడా బయటి నుంచి వచ్చిందే. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉంది. కానీ అది వచ్చేసరికే మన దగ్గర నేల దున్ని ఉంది. కసరత్తు చేసే తాలింఖానాలు ఉన్నాయి, పండగపూట కుర్రాళ్లు పోటీపడి ఎత్తే సంగిడి రాళ్లు ఉన్నాయి, వీరఘట్టం కన్న మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు ఉన్నాడు. అందుకే ఇనుప కడ్డీ మనకు కొత్తగా అనిపించలేదు.

2000లో, ఆడవాళ్ల లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన ఏడాదే, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ మన సిక్కోలు (శ్రీకాకుళం) ఆడపిల్ల!

క్రికెట్ మనం చూసి మురిసే ఆట. మన ఆట ఏదంటే మాత్రం నా ఓటు లిఫ్టింగ్‌కే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇప్పటికీ ఆడపిల్లలు అరచేతులకు తెల్లపొడి రాసుకుని, ఊపిరి బిగబట్టి, కడ్డీ మీదికి వంగుతున్నారు.