సెంగ్‌స్టేకెన్ ట్యూబ్: పనితనం మంచిదే, ప్యాకెట్‌లో ఇచ్చేది మాత్రం సగమే

రక్తపు వాంతులతో వచ్చిన ప్రతి రోగికీ వాడే వస్తువు కాదిది. కడుపులో అల్సర్ నుంచి కారే రక్తానికి దీంతో పని లేదు. లివర్ గట్టిపడి, అన్నవాహికలోనో పొట్ట పైభాగంలోనో ఉబ్బిన సిరలు పగిలి, ఆ సిరల్లో ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెసిన్ గానీ ఆక్ట్రియోటైడ్ గానీ ఎక్కుతున్నా రక్తం ఆగనప్పుడు దీన్ని బయటికి తీస్తారు. ఎండోస్కోపీ ఇంకా కుదరలేదనో, ఎండోస్కోప్‌తో సిరకి రబ్బరు బ్యాండ్ వేసినా లాభం లేదనో అప్పుడు తేలి ఉంటుంది. 1950లో సెంగ్‌స్టేకెన్, బ్లేక్‌మోర్ పరిచయం చేసిన నమూనా ఇది. గాలి నింపిన బెలూన్‌తో సిరను లోపలినుంచి నొక్కిపట్టడమే దీని పని. కాసేపు ఆపి ఉంచుతుంది, అంతే. రోగం నయం చేయదు.

ట్యూబ్‌కి మూడు పోర్టులు, అంటే లోపలి దారుల మూతులు: పొట్ట బెలూన్‌కి ఒకటి, అన్నవాహిక బెలూన్‌కి ఒకటి, పొట్టలో సక్షన్‌కి ఒకటి. అసలు లోపం ఇక్కడే ఉంది. అన్నవాహిక బెలూన్ ఉబ్బాక దానిపైన చేరే ఉమ్మికీ రక్తానికీ దారి ఉండదు. అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకే పక్కనే ఒక రైల్స్ ట్యూబ్‌ని (మామూలుగా ముక్కు గుండా పొట్టలోకి వేసే సన్న గొట్టం), దాని కొన పై బెలూన్‌కి సుమారు 3 సెం.మీ. పైన ఉండేలా కట్టుకోవాలి. మిన్నెసోటా రకంలో ఈ నాలుగో పోర్టు తయారీలోనే ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు అదే కొనడం మేలు. అయితే రెండు రకాలూ ఒకే అల్మారాలో పెట్టకండి. సెంగ్‌స్టేకెన్ పొట్ట బెలూన్‌కి సాధారణంగా 250 మి.లీ. గాలి చాలు, మిన్నెసోటాకి 450 నుంచి 500 కావాలి. చేతి అలవాటు కొద్దీ నింపితే ఒకదాంట్లో బెలూన్ పగులుతుంది, ఇంకోదాంట్లో పట్టు దొరకదు. ప్యాకెట్ మీద రాసిన పరిమాణమే ప్రమాణం.

ప్యాకెట్‌లో లేనివి చాలా. పోర్టు మూతి వెడల్పు కాబట్టి మామూలు సిరంజి కుదరదు, 50 లేదా 60 మి.లీ. క్యాథెటర్ టిప్ సిరంజి కావాలి. వాల్వ్ లేదు. సిరంజి తీసిన క్షణంలోనే గాలి పోతుంది, కాబట్టి రబ్బరు తొడిగిన క్లాంప్‌లు చేతిలో ఉండాలి. ప్రెజర్ మీటర్, త్రీవే (మూడు దారుల కుళాయి), జెల్లీ, మార్కర్, కత్తెర కూడా ట్యూబ్‌తో కలిపి ఒకే పెట్టెలో సర్దిపెట్టాలి. అర్ధరాత్రి అల్మారాలు వెతికే ఓపిక ఈ రోగి ఇవ్వడు.

ట్యూబ్‌ని ప్యాకెట్‌లోంచి తీసే ముందే సిరలోకి 16 లేదా 18 గేజ్ లైన్లు రెండు, క్రాస్‌మ్యాచ్ (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్ష), ఊపిరి గొట్టంలోకి ఎండోట్రాకియల్ ట్యూబ్ అయిపోవాలి. హిమోగ్లోబిన్ 7 గ్రా./డెసిలీటర్ దగ్గర రక్తం మొదలుపెట్టి 7-8 మధ్య ఉంచడం మంచిది. అంతకు మించి ఎక్కిస్తే పోర్టల్ ప్రెజర్ (లివర్‌కి రక్తం తెచ్చే సిరలో ఒత్తిడి) పెరిగి ఆగిన రక్తమే మళ్లీ మొదలవుతుంది.

బెలూన్లను నీళ్లలో ముంచి లీకు చూసి, శరీరం బయటే పొట్ట బెలూన్‌లో 100, 200, 250 మి.లీ. దగ్గర మీటర్ ఎంత చూపిందో రాసుకోండి. ఈ కాగితం తర్వాత పనికొస్తుంది. గాలి పూర్తిగా లాగేసి, జెల్లీ రాసి, డాక్టర్ నోటి గుండా కనీసం 50 సెం.మీ. గీత వరకు దించుతారు. పొట్ట బెలూన్‌లో 50 మి.లీ. మాత్రమే నింపి ఎక్స్-రే తీయాలి. స్టెత్‌తో గుడగుడ వినిపించిందని తృప్తిపడితే మోసపోతారు. ఎక్స్-రేలో పొట్టలోనే ఉందని తేలాక 50 చొప్పున పెంచండి. బయట రాసుకున్న అంకె కంటే 15 మి.మీ. మెర్క్యురీ ఎక్కువ చూపితే బెలూన్ అన్నవాహికలో ఉందని అనుమానించి వెంటనే గాలి తీసేయాలి. అన్నవాహిక చీలిపోయేది ఇక్కడే.

తర్వాత మెల్లగా లాగి, అడ్డు తగిలిన చోట పళ్ల దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ట్రాక్షన్‌కి, అంటే ట్యూబ్‌ని అలా బయటివైపు లాగి ఉంచే బరువుకి, 500 మి.లీ. సెలైన్ బ్యాగ్ వేలాడదీస్తే సరిపోతుంది. దానిమీద 'ఎక్కించవద్దు' అని రాయండి, లేకపోతే ఎవరో ఒకరు డ్రిప్‌కి తగిలిస్తారు. రోగి మంచంలో కిందికి జారి బ్యాగ్ నేలకి ఆనితే ట్రాక్షన్ సున్నా. మీటర్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది, రక్తం మాత్రం మళ్లీ వస్తుంది.

అప్పటికీ ఆగకపోతేనే పై బెలూన్. 30 మి.మీ. మెర్క్యురీ దగ్గర మొదలుపెట్టాలి, 45 దాటకూడదు. మీటర్ లేకుండా అంచనాతో నింపే పని అసలు వద్దు.

కత్తెర మంచం తలవైపున టేప్‌తో అంటించి ఉండాలి. గీత బయటికి జరిగి, ఊపిరి అందక, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతుంటే క్లాంప్‌లు విప్పుతూ కూర్చోవద్దు. నోటి దగ్గర ట్యూబ్‌ని గట్టిగా పట్టుకుని, పట్టుకున్న చోటుకి బయటివైపు అడ్డంగా కోసి లాగేయాలి. అన్ని దారులూ తెగుతాయి కాబట్టి రెండు బెలూన్లూ ఒకేసారి ఖాళీ అవుతాయి.

24 గంటలు దీని హద్దు. గాలి తీశాక సగం మందిలో రక్తం మళ్లీ వస్తుంది కాబట్టి ఈలోపే ఎండోస్కోపీయో టిప్స్‌యో (లివర్ లోపల సిరల మధ్య స్టెంట్‌తో దారి వేసి ఒత్తిడి తగ్గించే పద్ధతి) కుదుర్చుకోవాలి. తీసేటప్పుడు ముందు పై బెలూన్, తర్వాత ట్రాక్షన్, చివర పొట్ట బెలూన్. క్రమం తప్పి పొట్ట బెలూన్ ముందు ఖాళీ చేస్తే, బ్యాగ్ బరువుకి ఉబ్బిన పై బెలూన్ గొంతులోకి లేస్తుంది. ఖాళీ చేసిన ట్యూబ్‌ని కాసేపు అక్కడే ఉంచి, సక్షన్‌లో తాజా ఎరుపు కనిపించకపోతేనే తీయాలి.