తరగతి బ్లాగు: కోనసీమ ప్రాథమిక పాఠశాలలో కొన్నేళ్ళ వాడకం తర్వాత

కోనసీమలోని ఒక లంక గ్రామంలో (గోదావరి పాయల నడుమ ఉన్న ఊరు) మూడు, నాలుగు, ఐదు తరగతులకు బోధిస్తూ, బ్లాగులు నడుపుకునే గూగుల్ వారి సేవ బ్లాగర్‌ను కొన్ని విద్యాసంవత్సరాలుగా తెలుగు రాత అభ్యాసానికి వాడుతున్నాను. పిల్లల రాతకు టీచరు కాక మరో పాఠకుడు దొరకడమే ఇందులో నేను చూసిన అసలు ప్రయోజనం.

మా ఊరి తల్లులు అనేకమంది బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె ఏప్రిల్‌లో పంట కాలువ కట్టేసిన సంగతిని నాలుగు వాక్యాల్లో రాస్తే, కువైట్‌లో ఉన్న వాళ్ళమ్మ "మళ్ళీ ఎప్పుడు వదులుతారంట? మన బోదెలో నీళ్ళేమైనా ఉన్నాయా?" అని వ్యాఖ్య పెట్టింది. బోదె అంటే పొలాలకు నీళ్ళు తెచ్చే చిన్న కాలువ. ఆ పిల్ల కాలువ నీళ్ళు చూసుకునే లస్కరును పట్టుకుని అడిగింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఎందుకు ఆపుతారో, పూడికతీత, తూముల మరమ్మతులు ఆ రోజుల్లోనే ఎందుకు చేస్తారో తెలుసుకుని పేజీ నిండా రాసుకొచ్చింది. ఎర్ర సిరాతో "ఇంకా వివరంగా రాయి" అని నేను ఎన్నిసార్లు రాసినా అంత శ్రద్ధ ఆమెలో కనిపించలేదు.

టైపింగు గురించి కొంత వివరంగా చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి ఈ వయసు పిల్లలకు తగదని నా అభిప్రాయం. "అమ్మ" అని రాయడానికి వేరే భాష స్పెల్లింగు ఆలోచించవలసి రావడం అన్యాయం. తెలుగు అక్షరాలే కనిపించే కీబోర్డు పెట్టినప్పుడు గుణింతం, ఒత్తులు వాళ్ళకు కొత్తగా అర్థమయ్యాయి. చేతితో "తల్లి" రాసే పిల్లవాడు ముందు "లి" రాసి, తర్వాత కింద ల ఒత్తు ఇస్తాడు. కీబోర్డులో మాత్రం ల, పొల్లు, మళ్ళీ ల, చివరికి గుడి నొక్కాలి. ఒత్తు పలికిన తర్వాతే అచ్చు పలుకుతుందని అప్పుడు స్పష్టమవుతుంది. ఒత్తుల్లో తడబడే పిల్లలను ఈ అభ్యాసం నా కళ్ళ ముందే సరిదిద్దింది. మాట చెబితే అక్షరాలు పడే సౌకర్యం మాత్రం బోదె, దింపు (చెట్ల నుంచి కొబ్బరికాయలు దించడం) వంటి మన మాటల దగ్గర తరచూ పొరబడుతుంది కనుక దాన్ని మేము వాడము.

భద్రత విషయంలో రాజీ పనికిరాదు. పదమూడేళ్ళు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా నడపడానికి వీల్లేదు కనుక అన్ని రచనలూ ఉపాధ్యాయుని ఖాతా నుంచే వెళ్ళాలి. బ్లాగును ఆహ్వానించిన వారికే కనిపించేలా అమర్చి, ప్రతి వ్యాఖ్యా మన అనుమతి తర్వాతే ప్రచురితమయ్యేలా పెట్టుకోవాలి. పిల్లల ముఖాలు, ఇంటిపేర్లు, ఊరి పేరు పెట్టకూడదు. వాళ్ళు వేసిన బొమ్మ, చేతిరాత పేజీ ఫొటో చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. ఆ చట్టం లేకున్నా, ఇంటికి వెళ్ళి అమ్మమ్మలకూ తాతయ్యలకూ చూపించి అడగడం మన ధర్మం.

2017లో మొదలైన, పాఠాలకు సంబంధించిన ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాను కూడా వాడుతున్నాను. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే వీడియోలు పరిసరాల విజ్ఞానానికి బాగా ఉపయోగపడతాయి. లంకలో సిగ్నల్ నిలకడగా ఉండదు కాబట్టి ముందు రోజే దించి పెట్టుకుంటాను.

ఒకటి, రెండు తరగతులకు బ్లాగు అక్కరలేదు. వాళ్ళకు పలక, ఇసుక, కథ చాలు. మూడో తరగతి నుంచి వారానికి ఒక పీరియడు కేటాయిస్తే సరిపోతుంది. ముందు కాగితం మీద రాయించి దిద్దించాకే టైపు చేయిస్తే, వర్షాకాలంలో కరెంటు పోయినా పని ఆగదు. మొదలుపెట్టే వారు తొలిరోజే ప్రధానోపాధ్యాయుణ్ణి కూడా నిర్వాహకునిగా చేర్చాలి. లేకపోతే మనకు బదిలీ అయినప్పుడు పిల్లల రాతలన్నీ మన ఖాతాతో పాటే పాఠశాల దాటి వెళ్ళిపోతాయి.